పెన్సిలుతో రాసిన సంవర్గమానం

నేను ఒక చిన్న పుస్తకాన్ని. చొక్కా జేబులో పట్టేంత. నాలో కథ లేదు, పాట లేదు, చివరికి ఒక బొమ్మ కూడా లేదు. మొదటి పుట మొదలుకొని ఆఖరు పుట దాకా అంకెలే. నా అంకెలు చదివి ఎవరూ నవ్వలేదు, ఏడవలేదు. ఒక అమ్మాయికి మాత్రం నా మూలంగా కష్టం వచ్చింది. అది నా అంకెల వల్ల కాదు.

మీలో చిన్నవాళ్ళకు నా పని తెలియకపోవచ్చు. మీట నొక్కితే జవాబు చెప్పే యంత్రాలు ఇంకా అందరి చేతికీ రాని రోజుల్లో పెద్ద పెద్ద సంఖ్యలను గుణించడం తలనొప్పి వ్యవహారం. నాలో ప్రతి సంఖ్యకూ ఎదురుగా దానికి జోడీ అయిన మరో సంఖ్య ఉంటుంది. ఆ జోడీలను కూడి, వచ్చినదాన్ని మళ్ళీ నాలోనే వెతుక్కుంటే గుణకారం అయిపోయినట్టే. పిల్లలు నన్ను లాగ్ టేబుల్స్ అనేవారు.

నేను పుట్టింది మాత్రం ఈ దేశంలో కాదు. ఇస్తాంబుల్ నగరంలో, సముద్రం వాసన వచ్చే ఒక వీధిలోని అచ్చాఫీసులో. ఓడల మీద ఉద్యోగాలకు చదువుకునే కుర్రాళ్ళ కోసం నన్ను వేశారు. వాళ్ళు పాఠం సొంత భాషలో నేర్చుకుని, తరవాత ఓడెక్కి ఇంగ్లీషులో పని చేయాలి. అందుకని నా అట్ట మీదా, ప్రతి పట్టిక నెత్తినా రెండు భాషలు. పైన టర్కీ మాట లొగారిత్మా, కింద ఇంగ్లీషు మాట లాగరిథం.

అచ్చు దిద్దిన తీరు చెప్పాలి. ఒక ముసలాయన అంకెలు పైకి చదివేవాడు. ఎదురుగా అతని కూతురు వేలు పెట్టి చూసుకుంటూ ఊఁ కొట్టేది. పుట పూర్తయ్యాక ఆమె చదివేది, ఆయన ఊఁ కొట్టేవాడు. ఒక్క అంకె తప్పితే ఎక్కడో ఒక ఓడ దారి తప్పుతుందని వాళ్ళ భయం. మనుషులు అంకెలను ఇంత నమ్మకుండా రెండేసి సార్లు చూసుకుంటారు కదా, మాటలను కూడా అలాగే చూసుకుంటారు కాబోలు అనుకున్నాను. కొత్త కాగితాన్ని, లోకం తెలియదు.

నా మొదటి యజమాని నెజ్‌దెత్ అనే కుర్రాడు. చదువుకంటె నన్ను విసనకర్రగా ఎక్కువ వాడాడు. ఒకనాడు ఆకలేసి, వంతెన కింద పాత పుస్తకాలవాడికి నన్ను ఇచ్చేసి, రొట్టెలో పెట్టిన వేపుడు చేప కొనుక్కుని వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. సరే, ఆకలి ముందు అంకెలెంత అని సరిపెట్టుకున్నాను. అక్కడ నన్ను చేతిలోకి తీసుకున్నవాడు గంగరాజు. కాకినాడవాడు. సరుకు ఓడలో ఇంజన్లకు నూనె పోసే పని. గోళ్ళలో నల్లటి మరక ఎప్పటికీ పోదు. అట్ట మీది అక్షరాలు అతనికి అర్థం కాలేదు గాని లోపలి అంకెలు చూసి ముఖం విప్పారింది. ఊళ్ళో అక్కకూతురు ఇంటర్మీడియెట్లో లెక్కలు తీసుకుంది మరి.

జగన్నాథపురంలో వాళ్ళ ఇంట్లో నన్ను పెట్టెలోంచి తీయగానే గంగరాజు అక్క వరహాలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఏరా, దేశాలన్నీ తిరిగి దీనికి ఇదా తెచ్చేవు? ఓ సెంటు సీసా అయినా దొరకలేదా అక్కడ?"

"సెంటు వారంలో ఆవిరైపోద్దక్కా. ఇది పరీక్ష పాసు చేయించుద్ది."

"మావయ్యా, దీని మీద ఏం రాసుందో నీకు తెలుసా?" అంది ఆ పిల్ల.

"తెలిస్తే నేనెందుకే ఇంజన్లో నూనె పోస్తాను? అంకెలు అంకెలే కదే. ఏ దేశంలో అయినా రెండు రెళ్ళు నాలుగే."

ఆ పిల్ల పేరు సత్యవేణి. పాత కేలండరు కాగితం తిరగేసి, తెల్లటి వైపు పైకి వచ్చేలా నాకు అట్ట వేసింది. మూలలు గోటితో నొక్కి, అన్నం మెతుకుతో అంటించింది. పుట తిప్పేటప్పుడు వేలు తడి చేసుకునేది కాదు. అలాంటివాళ్ళు తక్కువ.

సత్యవేణి పదో తరగతి వరకూ మునిసిపల్ బడిలో తెలుగులోనే చదివింది. కాలేజీలో ఇంగ్లీషు మీడియం. లెక్క తెలిసినా లెక్క పేరు తెలియని అవస్థ. మాస్టారు మాట అనగానే అది ఏమిటో వెతుక్కునేలోపు ఆయన తరవాతి మెట్టు చేరుకునేవారు. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని నన్ను ఒళ్ళో పెట్టుకుని, లాగరిథం, లాగరిథం అని గొణుక్కునేది. కొత్త చుట్టం పేరు గుర్తుపెట్టుకుంటున్నట్టు ఉండేది.

లెక్కల లెక్చరరు జోగారావుగారు. బక్కపలచని మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, చెవి మీద పెన్సిలు. ఆ కాలేజీ ప్రిన్సిపాలుగారు ఇంగ్లీషు మీడియం తరగతుల్లో తెలుగు వినిపించకూడదని గట్టిగా చెప్పి ఉంచారు. వరండాలో నడుస్తూ కిటికీల దగ్గర ఆగి వినేవారు కూడా. కాని జోగారావుగారు పిల్లల ముఖాలు చూసి ఆగలేకపోయేవారు. ఒక కన్ను తలుపు మీద ఉంచి, గొంతు తగ్గించి, తెలుగులో ఒక్క వాక్యం చెప్పేవారు. ఆ ఒక్క వాక్యంతో తరగతంతా ఊపిరి పీల్చుకునేది. అందుకే ఆయనంటే పిల్లలకు ప్రాణం. నిజం చెప్పొద్దూ, నాకూ అంతే.

ఒకరోజు బల్లల మధ్య తిరుగుతూ నన్ను చూశారు.

"ఇదెక్కడిదమ్మా? అచ్చు మన పుస్తకంలా లేదే!"

"మా మావయ్య ఓడలో తెచ్చారండి. టర్కీదండి."

ఆయన నన్ను తీసుకుని వెలుతురుకు పట్టుకుని చదివారు. చిన్నపిల్లాడిలా నవ్వారు.

"చూశారట్రా! ఇంగ్లీషువాడు లాగరిథం అన్నాడు. టర్కీవాడు అదే మాట ఎరువు తెచ్చుకుని తోక మార్చాడు, లొగారిత్మా అన్నాడు. మనవాళ్ళు ఎరువు తెచ్చుకోలేదు. సంవర్గమానం అన్నారు. అనండి చూద్దాం, నోరు నిండుగా లేదూ?"

తరగతి అంతా గుసగుసగా సంవర్గమానం అంది. జోగారావుగారు చెవి మీది పెన్సిలు తీసి, నా మొదటి పట్టిక నెత్తిన, రెండు పరాయి మాటల పక్కన ఆ మాట రాశారు. ఆయన దస్తూరీ కాలేజీ అంతటికీ తెలుసు. గుండ్రటి అక్షరాలు, చివరి సున్న మిగతా వాటికంటె పెద్దది, దాని కింద నుంచి వెనక్కి లాగిన ఒక గీత. పక్కనే మార్జిన్లో మరో రెండు వరుసలు కూడా రాశారు. దశాంశ బిందువుకు ఎడమ పక్కన ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టి ఒకటి తీసెయ్యాలి, జవాబులో ముందు భాగం అదే అని. పిల్లలు ఎప్పుడూ తడబడేది అక్కడే.

నా ఒంటి మీద మూడో భాష పడింది. గర్వంగానే అనిపించింది.

ఆనాటి నుంచి సత్యవేణి తడుముకోలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని మిగతావన్నీ లాక్కొచ్చింది. నెలవారీ పరీక్షల్లో అబ్బాయిలను దాటేసింది. జోగారావుగారు ఒక ఆదివారం వాళ్ళింటికే వచ్చారు. సత్యవేణి నాన్న రేవులో గోడౌను గుమాస్తా. లెక్చరరు గడప తొక్కడమే ఆయనకు పెద్ద విషయం.

"మీ అమ్మాయిని డిగ్రీలో లెక్కలు చదివించాలండి. ఆపకండి. ఇలాంటి బుర్ర నాకు మళ్ళీ దొరకదు."

"మీరు చెప్పాక కాదంటానా మాస్టారూ? కాని నా సంగతి తెలుసు కదా. మొదటిసారే గట్టెక్కాలి. తప్పితే మళ్ళీ కట్టించే ఓపిక నాకు లేదు, ఇంట్లో కూచోవాల్సిందే."

"తప్పడమా! ఈవిడా!" అని ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి నవ్వారు.

పరీక్షల ముందు సత్యవేణి నన్ను ఆయన దగ్గరకు తీసుకువెళ్ళింది. కాలేజీలో ఉన్న లాగ్ టేబుల్స్ చిరిగిపోయి అందరికీ చాలవు కాబట్టి, ఎవరివి వాళ్ళు తెచ్చుకోవచ్చన్నారు. గుమ్మం దగ్గర హాలు చూసే లెక్చరరు పుటలు తిరగేసి చూసి లోపలికి పంపడం అక్కడి పద్ధతి.

"మాస్టారూ, ఈ రాత చెరిపేయమంటారా?"

"ఎందుకమ్మా? మాటకు అర్థం రాసుకుంటే కాపీ అయిపోతుందా? ఫిజిక్సు రోజున హాల్లో నన్నే వేశారు. నేనుండగా నీకేం?"

లెక్కల పరీక్ష రోజు లెక్కల మాస్టారిని హాల్లోకి రానివ్వరు. అది మాత్రం జాగ్రత్తగా చూసుకుంటారు. ఫిజిక్సు రోజుకు అడ్డేమీ లేదు. లాగ్ టేబుల్స్ ఎక్కువ కావలసింది ఆ రోజునే.

ఆ పొద్దున గుమ్మంలో ఆయనే ఉన్నారు. నన్ను తీసుకుని పుటలు తిప్పారు. తన రాత దగ్గర బొటనవేలు ఒక్క క్షణం ఆగింది. "పద పద" అని భుజం తట్టి పంపారు.

సత్యవేణి పెన్ను ఆగకుండా నడుస్తోంది. సగం పరీక్ష అయ్యేసరికి వరండాలో బూట్ల చప్పుడు. స్క్వాడ్ వచ్చింది. ముందు నడుస్తున్న అధికారికి ఆ ఊరు కొత్త. బల్లల మీద చేతులు వేసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. పరాయి అక్షరాలు చూసి కనుబొమలు పైకి లేచాయి.

"ఏంటిది?"

"లాగ్ టేబుల్సండి."

"ఏ భాష?"

"టర్కీ భాషండి."

"టర్కీయా! కాకినాడలో కూచుని టర్కీలో రాస్తున్నావా ఫిజిక్సు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సత్యవేణి కూడా నవ్వబోయింది. ఇందులో తప్పేముంది, మాస్టారు ఉన్నారుగా. అతను పుటలు తిప్పుతూ పోయి ఆ పుట దగ్గర ఆగాడు. ముఖంలో నవ్వు పోయింది.

"ఈ తెలుగు రాత ఏంటి? సూత్రాలు రాసుకొచ్చావా?"

సత్యవేణి తల తిప్పి జోగారావుగారి వైపు చూసింది. అందులో భయం లేదు. ఇప్పుడు మీరు చెప్పండి అన్నట్టు చూసింది, అంతే. ఆయన మేజా దగ్గర నిలబడి, సరిగానే ఉన్న అదనపు కాగితాల దొంతరను మళ్ళీ సర్దుతున్నారు.

"మాస్టారూ, గుమ్మంలో మీరు చూశారా దీన్ని?" అన్నాడు అధికారి.

"చూశానండి."

"మరి?"

"పైపైన చూశానండి. పెన్సిలు రాత కదా… కంటికి ఆనలేదు."

నా పుటల్లో వేలకొద్దీ అంకెలున్నాయి. ఒక్కటీ ఇంత తేలికగా తప్పలేదు.

"మాస్టారూ!" అంది సత్యవేణి. ఆ పిలుపులో కోపం కూడా లేదు. ఆయన విననట్టున్నారేమో, మరోసారి పిలిస్తే తిరుగుతారేమో అన్నట్టుంది. "మీరే కదండీ రాసింది? క్లాసులో అందరి ముందూ రాశారు."

జోగారావుగారు తల ఎత్తలేదు. వెనక బల్లలో రాజ్యం ఉంది, సత్యవేణితో రోజూ ఒకే రిక్షాలో వచ్చే పిల్ల. ఆమె కూడా తన కాగితంలోకి వంగిపోయింది. ఆ హాల్లో ఆ దస్తూరీ ఎవరిదో తెలియని పిల్ల లేదు. ఎవరి పెన్నూ ఆగలేదు.

సత్యవేణి జవాబు కాగితం లాగేసుకున్నారు. నన్ను దానితో కలిపి కట్టి, లక్క వేశారు. ఆ వేడి లక్క నా కేలండరు అట్ట మీద పడి, పిల్ల నొక్కిన మూల కాలింది.

తరవాత విచారణ. ప్రిన్సిపాలు గదిలో ఒక అధికారిణి కూర్చున్నారు. మర్యాదగల మనిషి. నన్ను విప్పి బల్ల మీద పెట్టారు. ఒక పక్క సత్యవేణి, ఆమె నాన్న. మరో పక్క జోగారావుగారు. సత్యవేణి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు.

"ఏమంటారు జోగారావుగారూ? ఈ మాట మీరు రాశారా?"

ఆయన ప్రిన్సిపాలుగారి వైపు చూశారు. అప్పుడు అర్థమైంది నాకు. అవునంటే రెండు తప్పులు ఒప్పుకోవాలి. పరీక్షకు రాత ఉన్న పుస్తకం పంపడం ఒకటి. ఇంగ్లీషు మీడియం తరగతిలో తెలుగు చెప్పడం రెండోది. ఆ రెండో దానికే ఆయన ఎక్కువ భయపడ్డారని ఇప్పటికీ నా అనుమానం.

"మాది ఇంగ్లీషు మీడియం అండి. మేం క్లాసులో లాగరిథం అనే చెప్తాం. ఈ మాట…" అని కళ్ళజోడు సర్దుకుని, ఎప్పుడూ చూడనట్టు నా మీదికి వంగారు. "సంవర్గ… మానమా? నాకు అలవాటు లేని మాటండి ఇది."

సత్యవేణి నాన్న లేచి నిలబడ్డారు. "మాస్టారూ, మా ఇంటికొచ్చి కాఫీ తాగి, మా పిల్ల బుర్ర గురించి చెప్పింది మీరు కాదా?"

"తెలివైన పిల్లేనండి. అందుకే నాకూ బాధగా ఉంది."

"రాజ్యాన్ని అడగండమ్మా, మిగతా పిల్లల్ని అడగండి" అంది సత్యవేణి. రాజ్యం నాన్న అప్పటికే కబురు పంపించాడు, మా అమ్మాయి ఏమీ చూడలేదని.

"పోనీ ఆయన చేత ఆ మాట ఓసారి రాయించి చూడండి" అంది సత్యవేణి.

అధికారిణి చెయ్యి కాగితం మీదికి వెళ్ళింది కూడా. ప్రిన్సిపాలుగారు అడ్డొచ్చారు. "మా లెక్చరరు మాట చాలదా మేడం? ఓ పిల్ల చెప్పిందని ఆయన చేత దస్తూరీ పరీక్ష రాయిస్తామా? బాగుంటుందా?" ఆమె చెయ్యి వెనక్కి వచ్చింది. అంకెలను తండ్రీ కూతురూ రెండేసిసార్లు సరిచూసిన దేశం నుంచి వచ్చాను నేను. ఇక్కడ ఒక మనిషి మాటను ఒక్కసారి చూడడానికి కూడా మొహమాటం అడ్డొచ్చింది.

సత్యవేణిని రెండేళ్ళు పరీక్షలకు రానివ్వకూడదన్నారు. నాన్న అన్న మాట ప్రకారం ఇంట్లో కూర్చుంది. రెండేళ్ళు గడిచాక ప్రైవేటుగా కట్టింది. ప్రైవేటుగా కట్టేవాళ్ళకు ప్రయోగశాల ఉండదు కాబట్టి సైన్సు గ్రూపు ఇవ్వరు. చరిత్ర, పౌరశాస్త్రం చదివి పాసైంది. లెక్కలు ఆమె జీవితంలోంచి అలా వెళ్ళిపోయాయి. ఇవన్నీ నేను చూసినవి కావు, ప్రిన్సిపాలు గది బీరువాలో పడి ఉండగా గుమాస్తాలు చెప్పుకుంటుంటే విన్నవి.

ఏళ్ళు గడిచాయి. జోగారావుగారు ప్రిన్సిపాలయ్యారు. గాలి కూడా మారింది. పైనుంచి వచ్చేవాళ్ళు ఇప్పుడు తెలుగులో శాస్త్రం ఎందుకు చెప్పరని అడుగుతున్నారు. ఒకరోజు బీరువా సర్దిస్తుంటే నేను బయటపడ్డాను. ఆయన నన్ను చాలాసేపు చేతిలో పట్టుకున్నారు. తెరవలేదు. కాలిన కేలండరు అట్ట ఊడదీసి బుట్టలో వేశారు. గ్రంథాలయంలో అద్దాల బీరువాలో పెట్టించారు. పక్కన తన చేత్తోనే ఒక అట్టముక్క రాసి పెట్టారు. సంవర్గమాన పట్టికల పుస్తకం, టర్కీ, ఇంగ్లీషు భాషల్లో, జోగారావుగారి సేకరణ.

సేకరణ! గంగరాజు నూనె చేతులు, వంతెన కింది అంగడి గుర్తొచ్చాయి.

అతిథులు ఎవరొచ్చినా నా ముందుకు తీసుకొచ్చేవారు. "ఇంగ్లీషువాడు లాగరిథం అన్నాడండి, టర్కీవాడు తోక మార్చాడు…" అని అదే హాస్యం, అదే వరసలో. సంవర్గమానం దగ్గరకొచ్చేసరికి నోరు నిండుగా పలికేవారు. అలవాటు లేని మాట మరి. అతిథులు నవ్వేవారు. అద్దం వెనక మూసిన పుస్తకం ఏం చేస్తుంది?

ఒక మధ్యాహ్నం సత్యవేణి వచ్చింది. టీచరు ట్రెయినింగులో చేరడానికి ఆమెకు కాలేజీ నుంచి టి.సి. కావాలి. పుస్తకాలేవీ బాకీ లేవని లైబ్రేరియను సంతకం పెడితేగాని ఆఫీసువాళ్ళు టి.సి. ఇవ్వరు. ఆ సంతకం కోసం వచ్చి, అద్దం ముందు ఆగిపోయింది. నేను చెప్పగలిగితే ఏదో ఒకటి చెప్పేదాన్ని.

లైబ్రేరియను మంగతాయారుగారు బీరువా తాళంచెవి కొంగున కట్టుకుని తిరిగే మనిషి. "చూడమ్మా, టర్కీదంట. మా ప్రిన్సిపాలుగారు ఎక్కడెక్కడో వెతికి సంపాదించారు."

"అలాగాండీ?" అంది సత్యవేణి. అట్టముక్క వైపు చూసింది. "ఓసారి తెరిచి చూపిస్తారా?"

మంగతాయారుగారు తాళం తీశారు. సత్యవేణి చేతికి తెలుసు ఆ పుట. ఒక్క తిప్పుతో వచ్చింది. పెన్సిలు మాట అలాగే ఉంది. జోగారావుగారు ఎందుకు చెరిపేయలేదో నాకు తెలియదు. తెరవడానికి భయపడ్డారో, తన అక్షరాల మీద తనకే మక్కువో.

"లోపల ఇంత బాగుంటే మూసి పెట్టారేంటండీ? చూసేవాళ్ళకు అట్ట తప్ప ఏం తెలుస్తుంది?"

"నిజమే సుమా! ఇన్నాళ్ళూ మాకు తోచలేదు" అని ఆవిడ నన్ను అలాగే తెరిచి, అట్టముక్క పక్కన నిలబెట్టి, పుటలు కదలకుండా క్లిప్పు పెట్టారు. "చక్కటి రాత. ఎక్కడో చూసినట్టుంది కదూ?"

"చూసే ఉంటారండి" అంది సత్యవేణి. సంతకం తీసుకుని వెళ్ళిపోయింది. నన్ను ఇమ్మని అడగలేదు, తనదని అనలేదు. నెజ్‌దెత్ వదిలేసినప్పుడు లేని బాధ అప్పుడు కలిగింది. ఈ పిల్ల కూడానా అనిపించింది. తరవాత ఆలోచిస్తే, ఇంటికి తీసుకువెళ్ళి ఆమె నాతో ఏం చేసుకుంటుంది?

ఆ వారంలోనే పై ఊరి నుంచి అతిథులు వచ్చారు. జోగారావుగారు వాళ్ళను నా ముందుకు తీసుకొచ్చి మొదలుపెట్టారు. "ఇంగ్లీషువాడు లాగరిథం అన్నాడండి. టర్కీవాడు దానికి…" అని అద్దంలోకి చూశారు. తెరిచి ఉన్న పుట చూశారు. తాళం వైపు చెయ్యి వెళ్ళింది. చెవి మంగతాయారుగారి కొంగున ఉంది.

అతిథుల్లో ఒక పెద్దావిడ కళ్ళజోడు ఎత్తి పుటను చూసి, అట్టముక్కను చూసి, మళ్ళీ పుటను చూసింది.

"రెండూ ఒకే చెయ్యి! ఆ చివరి సున్న చూడండి. ఈ పుస్తకంలో రాసింది కూడా మీరేనాండీ?"

గదిలో అందరూ ఆయన వైపు చూశారు. మంగతాయారుగారు కూడా. నేను ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన ప్రశ్న అది.

"నాదేనండి" అన్నారు జోగారావుగారు నెమ్మదిగా. "చాలాకాలం కిందట… ఒక అమ్మాయికి అర్థం కాలేదంటే రాసి ఇచ్చాను."

"ఆ రోజుల్లోనే! ఇంగ్లీషు మీడియంలో, అందరూ తెలుగంటే వెలివేసే రోజుల్లో! ఎంత ధైర్యమండీ మీది!" అంది పెద్దావిడ. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆనాడు ప్రిన్సిపాలు గదిలో ఆ ఒక్క ముక్క అని ఉంటే, సత్యవేణి ఇవాళ ఏదో ఒక తరగతిలో నల్లబల్ల ముందు నిలబడి లెక్కలు చెబుతూ ఉండేది. చప్పట్లు మరికాసేపు సాగాయి. ఆయన తల వంచుకుని నిలబడ్డారు. వాళ్ళను ఆపలేదు.